గంగులమ్మ కథకు ఊఁ కొట్టినవాళ్లు

గంగులమ్మ అనే మనిషి ఏ ఊళ్లోనూ పుట్టలేదు. ఏ తల్లీ ఆమెను కనలేదు. అయినా మడకశిర చుట్టుపక్కల పది పల్లెల ఆడవాళ్లు ఆమె కోసం ఏడ్చినంతగా సొంత అక్కచెల్లెళ్ల కోసమైనా ఏడ్చి ఉండరు. ఆమెను పుట్టించింది నల్లమ్మ. బయ్యన్న కొట్టంలో చెనక్కాయలు ఒలిచే కూలిమనిషి. పుట్టించడమంటే ఒక్క పూటలో అయిపోయిందనుకునేరు! పద్నాలుగేళ్లు, రోజుకు ఇంత చొప్పున, రాగిపిండి చాలనప్పుడు నీళ్లు పోసి పోసి గంజి పెంచినట్టు పెంచుకుంటూ వచ్చింది.

అది యాభై రెండో సంవత్సరం. ఆ ఏడు నాలుగు వానలు సకాలంలో పడి, ఎర్రనేలల్లో చెనక్కాయ విరగకాసింది. బయ్యన్న ఇంటి వెనక పొడుగ్గా కొట్టం వేయించి అరవై మంది ఆడవాళ్లను ఒలిచే పనికి పెట్టాడు. ఒలిచేవాళ్లు గింజ నోట్లో వేసుకోకుండా ఉంటారా? బెల్లం గంపలో కూచోబెట్టి ఈగను ఉపవాసం ఉండమన్నట్టే. బయ్యన్న అరిచాడు. తిట్టాడు. పెద్ద జీతగాడు సుంకన్నను వాకిట్లో కాపలా కూచోబెట్టాడు. సుంకన్న ఇటు తిరిగితే అటు నోళ్లు ఆడేవి, అటు తిరిగితే ఇటు ఆడేవి. పాపం, వాడి మెడ నొప్పి పుట్టిందే తప్ప గింజ మిగల్లేదు.

అప్పుడు బయ్యన్న భార్య చెన్నమ్మ వచ్చింది. ఆమె గట్టిగా మాట్లాడగా విన్నవాళ్లు లేరు. వచ్చి కొట్టం మధ్యలో పీట వేసుకుని కూచుని, నవ్వుతూ అడిగింది.

"మీలో కథలు చెప్పేవాళ్లు ఎవరన్నా ఉండారామ్మా? ఊరికే కూచుని ఒలుచుకుంటా పోతే పొద్దు యెట్ల పోతాది?"

నల్లమ్మకు అప్పటికి నలభై ఏళ్లు. మొగుడు పోయి ఏడాదయింది. ఇంట్లో పదేళ్ల కొడుకు తిప్పేస్వామి తప్ప మాట్లాడే దిక్కు లేదు. లోపల మాటలన్నీ కుప్పలు పడి ఉన్నాయేమో, చెయ్యెత్తింది.

"నాకొస్తాదమ్మా."

"ఐతే చెప్పు. నీకు అందరి మాదిరి అరసేరు గాదు, సేరు జొన్నలు. ఒక్కటే మాట. అందరూ ఊఁ కొట్టల్ల. ఊఁ కొట్టకుంటే చెప్పేదానికి ఉసారేముంటాది?"

న్యాయమైన మాటే కదా. ఊఁ కొట్టని కథ ఉప్పులేని సంగటి అని ఎవరికి తెలియదు? నల్లమ్మ పొంగిపోయింది. ఇంతకాలానికి తన మాటకు విలువ కట్టిన మనిషి ఒకరు దొరికారనుకుంది. ఆ పూటే గంగులమ్మను పెళ్లికూతుర్ని చేసి, ఏడుగురు అన్నదమ్ములున్న ఇంటికి చిన్నకోడలిగా పంపింది. అరవై నోళ్లు ఒక్కసారిగా ఊఁ అన్నాయి. కొట్టం పైకప్పు మీది పావురాలు లేచిపోయాయి.

ఇక చూసుకోండి. గయ్యాళి అత్త గంగులమ్మ చేత గుండు రాళ్లు మోయించింది. తోడికోడళ్లు పాలలో బూడిద కలిపి ఆమె మీద నేరం మోపారు. మరిది ఒకడు మంచివాడు, వాడు పిచ్చివాడైపోయాడు. సాయంత్రం సుంకన్న "లేయండి" అనే వేళకు గంగులమ్మ తప్పకుండా ఏదో ఒక అంచున నిలబడి ఉండేది. బావి అంచునో, కొండ అంచునో, లేకపోతే తలుపు సందునో. "రేపేమైతాది నల్లక్కా?" అని ఇంటిదాకా వెంటపడేవాళ్లు. "రేపు రాండి" అనేది నల్లమ్మ, రాణిగారిలా. జొరం వచ్చినా, చుట్టం వచ్చినా ఎవరూ పని మానేవాళ్లు కాదు. వాగు అవతల కోమటి కొట్టంలో కూలి ఎక్కువిస్తామన్నా ఒక్కరూ పోలేదు. సరిహద్దు అవతల నుంచి వచ్చే కన్నడం ఆడవాళ్లు ఊఁ బదులు "ఆమేలే?" అనేవాళ్లు, తర్వాతేమైంది అని. అదీ చెల్లింది.

ఒకసారి గంగులమ్మ మొగుణ్ని పాము చేత కరిపించింది నల్లమ్మ. అందరూ ఏడ్చారు, బాగానే ఉంది. మర్నాడు అక్కమ్మ రాలేదు. అక్కమ్మ అంటే ముందు వరసలో కూచునే ముసలామె, అందరికన్నా పెద్దగా ఊఁ కొట్టేది. ఏమంటే, "నిండు ముత్తైదువ నుదుట బొట్టు తుడిపించింది, దాని మొగం నేను సూడను" అందట. ఆమెతో పాటు ఇంకో పదిమంది కట్టగట్టుకుని మానేశారు. బయ్యన్న పరుగెత్తుకొచ్చాడు.

"ఏమప్పా నల్లమ్మా, ఆ సచ్చినోన్ని బతికించు, పని నిలబడిపోయింది!"

బతికించక తప్పలేదు. పాము కరిచింది మొగుణ్ని కాదట. ఆ రాత్రి వాడి కంబళి కప్పుకుని పడుకున్న గొర్రెలకాపరినట. కొట్టమంతా హమ్మయ్య అనుకుంది. ఆ గొర్రెలకాపరికి తల్లి ఉందా, పిల్లలున్నారా అని మాత్రం ఎవరూ అడగలేదు. కథల్లో అంతే, ఎవరి మీద మనసు పడితే వాళ్లే మనుషులు.

ఇంకోసారి కథలో కరువు తెచ్చింది. గంగులమ్మ ఊరిపెద్ద గాదెకు కాపలా ఉంటుంది. మూడు రోజులు పస్తుంటుంది. గాదె తలుపు తీసే ఉంటుంది, చెయ్యి చాపితే గింజలు. అయినా పరుల గింజ ముట్టదు. "ఆకలి నాది, గింజ వాళ్లది" అంటుంది. అది చెప్పిన రోజు చెన్నమ్మ గుమ్మం చాటున నిలబడి విన్నది. సాయంత్రం నల్లమ్మను పిలిచి కొత్త నేతచీర చేతిలో పెట్టింది.

"ఎంత బాగ చెప్పినావే! ఆ ముక్క మల్లీ మల్లీ చెప్పు నల్లమ్మా. పిల్లోళ్లకు బుద్ధొస్తాది."

చీర ఎటు లాగితే కథ అటు పోయింది. ఆ తర్వాత ఏడాదికి నాలుగుసార్లయినా గంగులమ్మ ఎవరిదో ఒకరి గాదె ముందు పస్తుండేది. రానురాను ఆమె అంటే అదే అయిపోయింది. అడవిలో దారి తప్పినా పరుల చెట్టు కాయ కోయదు. బిడ్డ ఏడ్చినా అడగని పాలు పట్టదు. ఆడవాళ్లు తమ పిల్లలు దొంగజామకాయ తెచ్చుకుంటే "గంగులమ్మ చూస్తాంది" అని వీపు మీద ఒకటిచ్చేవాళ్లు.

ఏ వైభవమైనా ఎన్నాళ్లు? అరవయ్యో సంవత్సరానికి హిందూపురంలో కాయలు ఒలిచే మిషన్ వచ్చింది. నూనెకు పోయే కాయలన్నీ బండ్లకెత్తి అటు తోలేశారు. మిషన్‌లో గింజ పగులుతుంది కాబట్టి విత్తనం కాయలు మాత్రం చేత్తో ఒలవాల్సిందే. అంటే ఏడాదికి వేసవిలో నెలన్నర పని. అరవై మంది ముప్ఫై అయ్యారు. మడకశిరలో టూరింగు టాకీసు వేశారు. పడుచుపిల్లలు దాని కథలు చెప్పుకుంటూ వెనక వరసలో కిచకిచలాడేవాళ్లు. "నల్లవ్వా, మీ గంగులమ్మకు ఇంకా ముసిలితనం రాలేదా?" అని ఎగతాళి. నల్లమ్మకు ఒళ్లు మండేది. అయినా ఊఁ కొట్టేవాళ్లు ఇంకా ఉన్నారు కదా అని సర్దుకునేది.

ఆ వెనక వరసలో ఎగతాళి చేయని పిల్ల ఒక్కతే, మారెమ్మ. ఎనిమిదేళ్లప్పుడు వాళ్లమ్మ కొంగు పట్టుకుని వచ్చి గంగులమ్మ పెళ్లి విన్నది. పెరిగి పెద్దదై తిప్పేస్వామిని చేసుకుని నల్లమ్మకే కోడలైంది. పెళ్లినాడు కూడా అత్త చెవిలో అడిగింది, "గంగులమ్మ బావిలోనించి బయటికొస్తాదా అత్తా?" అని.

అరవై ఐదులో వాన లేదు. అరవై ఆరులోనూ మబ్బు పట్టడం, గాలి వచ్చి ఎత్తుకుపోవడం, ఇదే తంతు. బయ్యన్న బావి కింద పండించిన కాసిన్ని విత్తనం కాయలు తప్ప ఊళ్లో గింజ లేదు. వాన వస్తే విత్తాలి కదా అని ఆ వేసవిలోనూ కొట్టం తెరిచారు. పద్దెనిమిది మందే. అందరికీ కూలి పావుసేరుకు దిగింది, నల్లమ్మకు అరసేరుకు. ఆ పావుసేరు జొన్నల్లో తుమ్మగింజలో, బలుసాకో కలిపి ఇంటిల్లిపాదీ కడుపు నింపుకోవాలి. తిప్పేస్వామి బళ్లారి దిక్కు కాలువ పనికి పోయి నాలుగు నెలలైంది. కబురు లేదు. మారెమ్మ ఒళ్లో మూడు నెలల మగబిడ్డ. కొట్టం గుంజకు చీర ఉయ్యాల కట్టి వాణ్ని అందులో పడుకోబెట్టేది. వాడు ఏడిస్తే రొమ్ము అందించేది. వాడు కాసేపు పీల్చి, ఏమీ రాక, మళ్లీ గుక్కపెట్టేవాడు. మొదట్లో గట్టిగా ఏడ్చేవాడు. ఈమధ్య పిల్లికూనలా మూలుగుతున్నాడు. ఆ మూలుగు వింటుంటే నల్లమ్మకు కథ తప్పిపోయేది.

ఒళ్లో గింజలు. నూనె కారే గింజలు. నాలుగు గుప్పిళ్లు తింటే తల్లికి పాలు పడతాయి, బిడ్డ బతుకుతాడు. చేతికందే దూరంలో ఉన్నాయి. అయినా పద్దెనిమిది నోళ్లూ ఊఁ కొడుతూనే ఉన్నాయి. నోట్లో గింజ ఉంటే ఊఁ ముద్దగా వస్తుంది, సుంకన్న చెవి ఇట్టే పట్టేస్తుంది. పద్నాలుగేళ్లలో వాడి మెడ నొప్పి పోయింది. వాడిప్పుడు కళ్లు మూసుకునే కాపలా కాస్తున్నాడు.

ఇదంతా నల్లమ్మకు తెలియదా అంటే, తెలియదనే చెప్పాలి. కళ్లెదుట ఉన్నదే కంటికి ఆనదు ఒక్కోసారి. ఒకనాటి మధ్యాహ్నం నీళ్ల కోసం చెంబు పట్టుకుని ఇంటి వెనక్కి పోయింది. వంటింటి కిటికీలోంచి బయ్యన్న గొంతు వినపడింది.

"కరువు కాలంలో ఆ ముసిల్దానికి అరసేరెందుకే? దాని కథ ఇప్పుడెవరికి కావల్ల?"

"కథకా ఇస్తాండేది?" అంది చెన్నమ్మ, ఎప్పట్లాగే మెత్తగా. "కల్లంలో ఎద్దుల మూతికి చిక్కం కడ్తావా లేదా? చిక్కానికి తాడు కొనవా? ఇదీ అంతే. అరసేరు ఇచ్చి పద్దెనిమిది మూతులు కడ్తాండాను. నీకేం తెలుసు, పో."

బయ్యన్న నవ్వాడు. నల్లమ్మ చెంబు నింపుకోకుండానే వెనక్కి వచ్చింది.

ఆ పూట కథ ఎలా చెప్పిందో ఆమెకే తెలియదు. నోరు చెబుతూనే ఉంది. లోపల మాత్రం ఎవరో కారం రాసినట్టు మంట. పద్నాలుగేళ్లు! గంగులమ్మ కోసం ఎన్ని రాత్రులు నిద్ర మానుకుంది, రేపేం చెప్పాలా అని ఎన్ని దారులు నడుస్తూ ఆలోచించింది! కథకు కూలి ఇస్తున్నారనుకుంది. చీర కథకే ఇచ్చారనుకుంది. సిగ్గుతో తల తీసేసినట్టయింది. సిగ్గు వెనక కోపం వచ్చింది. కోపం వెనక, ఉయ్యాలలోంచి ఆ మూలుగు.

సాయంత్రం గుడిసె చేరగానే మారెమ్మ చెయ్యి పట్టుకుని చెప్పేసింది.

"ఏమే మారీ, ఇను. రేపట్నుంచి ఊఁ ఉండదు. అట్లాంటి కథ చెప్తాను నేను. సుంకన్నకు ఏమీ తెల్దు. నువ్వు గింజలు తినల్ల. బిడ్డకు పాలు పడల్ల. తెలిసిందా?"

మారెమ్మ తలూపింది. మిగతావాళ్లకూ దారిలోనే చెప్పి ఉండొచ్చు. కానీ పద్దెనిమిది నోళ్లలో ఒక్కటి జారినా పద్దెనిమిది మందికీ పావుసేరు పోతుంది. ఊఁ లేకపోతే ఆకలే వాళ్లకు నేర్పుతుందిలే అనుకుంది నల్లమ్మ.

మర్నాడు కథ మొదలుపెడుతూనే గొంతు పెంచి చెప్పింది. గంగులమ్మ ఊళ్లో వాన కోసం మౌనవ్రతం పట్టింది. నోరు తెరవదు. ఆమె వ్రతం తీరేదాకా వినేవాళ్లు కూడా ఊఁ అనకూడదు. అంటే వ్రతం చెడుతుంది, వచ్చే వాన వెనక్కి పోతుంది.

సుంకన్న కళ్లు తెరిచాడు. "అదేంది, ఊఁ లేకుండా కథేంది?"

"వాన కోసం సామీ," అంది నల్లమ్మ. "నీ ఇష్టం. కొట్టమంటే కొట్టిస్తా."

వాన అనేసరికి వాడి మొహం మారింది. వాడికీ రెండెకరాల మెట్ట ఉంది. "సరే సరే, కానీ," అన్నాడు.

కొట్టం నిశ్శబ్దమైపోయింది. కాయలు చిట్లే చప్పుడు, నల్లమ్మ గొంతు, అంతే. ఆమె కథ చెబుతూ ఒక్కొక్క మొహమూ చూసింది. తినండే అమ్మల్లారా, ఇప్పుడు తినండి అని లోపల మొక్కుకుంది. ఒక్క దవడా కదల్లేదు. పదిహేడు మంది పెదాలు బిగించి, కళ్లు పెద్దవి చేసి, గంగులమ్మతో పాటు వ్రతం పట్టి కూచున్నారు. అక్కమ్మ అయితే కొంగు తెచ్చి నోటికి అడ్డం పెట్టుకుంది, పొరపాటున ఊఁ వచ్చేస్తుందేమోనని. మారెమ్మ తల వంచుకుని ఒలుస్తూనే ఉంది. ఉయ్యాల మూలిగింది. ఆమె చెయ్యి ఒళ్లోని గింజల మీద ఒక్క క్షణం ఆగి, మళ్లీ కాయ మీదికే పోయింది.

సాయంత్రం కొలిస్తే ఎప్పటికన్నా గింజ ఎక్కువే వచ్చింది. సుంకన్న మురిసిపోయాడు.

"ఊఁ కన్నా ఇదే మేలప్పా! వ్రతం ఇంకో పది దినాలు ఉండనీ."

నల్లమ్మ గుడిసెకు వచ్చాక మాత్రం ఆగలేకపోయింది. కోడలి భుజాలు పట్టి ఊపేసింది.

"తినమంటే తినవేమే! నీ కోసమే గదా ఇంత చేసింది! బిడ్డ సచ్చిపోతాడే, కండ్లు కనపడ్తాండ్లేదా నీకు?"

మారెమ్మ ఏడ్చింది. కన్నీళ్లు కూడా ఎక్కువ రాలేదు, ఒంట్లో నీళ్లేవి?

"గింజల మీదికి చెయ్యి పోయింది అత్తా. పోలేదని అనుకోవద్దు. గంగులమ్మ ముందర నిలబడినట్టే అయింది. ఆయమ్మ బిడ్డ ఏడ్చినప్పుడు గూడా పరుల గింజ ముట్టలేదని నువ్వే గదా చెప్పింది? చిన్నపిల్లప్పట్నుంచి ఇంటాండాను. నాకు యెట్ల నోట్లోకి పోతాది?"

నల్లమ్మ చేతులు వాలిపోయాయి. చెన్నమ్మ ఊఁ తో మూతులు కట్టిందనుకుంది ఆమె. ఊఁ విప్పితే సరిపోతుందనుకుంది. చెన్నమ్మ కట్టింది మూతినే. లోపలి ముడి నల్లమ్మ తన చేత్తోనే వేసింది, ఒక నేతచీర కోసం. ఆ రాత్రి తడిగుడ్డ పిండి బిడ్డ పెదాల మీద చుక్కలు వేస్తూ నిర్ణయించుకుంది. ముడి వేసినదే విప్పాలి. గంగులమ్మ చేత తినిపించాలి.

మర్నాడు కథ చెప్పడానికి కూచుంది. గంగులమ్మ వ్రతం ఆరో రోజని చెప్పింది. ఊరిపెద్ద గాదె తలుపు తీసే ఉందంది. గంగులమ్మ చంకలో బిడ్డ ఏడవడం మానేశాడంది. అక్కమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. అప్పుడు నల్లమ్మ ఊపిరి పీల్చుకుని చెప్పింది.

"గంగులమ్మ గాదెలోకి పోయింది. దోసిలి నిండా గింజలు తీసుకుంది. తినింది. కడుపు నిండా తినింది. దండించే దేవుడు ఒక్కడూ రాలేదు. ఆయమ్మకు పాలు పడినాయి. బిడ్డ తాగినాడు."

కాయలు చిట్లే చప్పుడు ఆగిపోయింది. వ్రతం, మౌనం అన్నీ మరిచిపోయి అక్కమ్మ లేచి నిలబడింది.

"ఏమంటివి? మా గంగులమ్మ దొంగతనం చేసిందా?"

"దొంగతనం కాదక్కా. ఆకలి."

"నోర్ముయ్! పద్నాలుగేండ్లు ఎరుగుదుం మేము ఆయమ్మను. సచ్చిపోనన్నా పోతాది గానీ పరుల గింజ ముట్టదు. నీకు మతి చెడినాది ముసిలిదానా!"

"నేను పుట్టిచ్చినా దాన్ని!" నల్లమ్మ అరిచింది. "నేను తినమంటే తింటాది!"

"నువ్వు పుట్టిస్తే అయిపోయిందా? పెంచింది ఎవరు? మా ఊఁ లు తాగి పెరిగింది ఆ బిడ్డ. నీ ఇష్టమొచ్చినట్టు దాన్ని చెడగొడ్తే ఊరుకుంటామా?"

అవునవునని తక్కినవాళ్లు లేచారు. ఒకామె నిజంగానే వెక్కి వెక్కి ఏడుస్తోంది, కూతురు లేచిపోయిందని విన్న తల్లిలా. చెంపలు పీక్కుపోయి, చేతులు పుల్లలై, నిలబడితే కళ్లు తిరిగే మనుషులు. వాళ్లకు ఆ పూట పోయింది తిండి కాదు, పరువు. ఉన్నది ఒక్క గంగులమ్మ, ఆమెనూ దొంగను చేసేసింది ఈ పాపిష్టి ముసలిది. నల్లమ్మ ఇక సుంకన్న ఉన్నాడనీ చూడలేదు, ఎవరున్నారనీ చూడలేదు.

"తినండే! నోళ్లుండాయి గదా మీకు! ఒళ్లో గింజలు పెట్టుకుని సచ్చిపోతారా? తినండి! మీ మూతులకు చిక్కం కట్టేదానికే ఈ కథ, తెల్సా? చిక్కమే ఇది!"

ఎవరూ తినలేదు. ఎవరూ ఆమె మొహం కూడా చూడలేదు. అందరూ గుమ్మం వైపు చూస్తున్నారు. అక్కడ చెన్నమ్మ నిలబడి ఉంది. ఆమె కోప్పడలేదు. దగ్గరికి వచ్చి నల్లమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"జొరమొచ్చినట్టుండాది నల్లమ్మా నీకు. ఇంటికాడ కూచో. ఇంక రావద్దు."

గుడిసెలో కూచుంది. కోడలు తెచ్చే పావుసేరులో ఇద్దరు. రెండు రోజులు నల్లమ్మ తనకు ఆకలి లేదని చెప్పి నీళ్లు తాగి పడుకుంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టు, మబ్బు మాత్రం రోజూ వచ్చి పోతూనే ఉంది. బిడ్డ మూలుగు ఇంకా సన్నబడింది. కథ పోయినందుకు ఆమెకు ఏడుపు రాలేదు. పోతే పోయింది, ఇప్పుడన్నా కొట్టంలో నోళ్లు వాళ్ల సొంతం అయ్యుంటాయి, నాలుగు రోజులు పోతే ఆకలే నేర్పుతుంది, అనుకుంది.

మూడోరోజు సాయంత్రం మారెమ్మ కొంగు ముడి విప్పింది. అరసేరు జొన్నలు.

"యాడివి?" అంది నల్లమ్మ.

మారెమ్మ పొయ్యి రాజేసింది. సంగటి మొత్తం కోడల్నే తినమని, నల్లమ్మ ఆ పూటా నీళ్లు తాగి పడుకుంది.

మర్నాడు నల్లమ్మ గోడ పట్టుకుంటూ, మధ్య మధ్య కూచుంటూ, బయ్యన్న ఇంటి వెనక్కి పోయింది. కొట్టం గోడకు చెవి ఆనించింది. లోపల మారెమ్మ గొంతు.

"గాదెలోకి పోయింది గంగులమ్మ కాదు. మీరూ నేనూ మోసపోయినాం. గంగులమ్మ రూపు తెచ్చుకొని వచ్చిన మాయలాడి అది. అసలు గంగులమ్మ కొండమీద వ్రతంలోనే ఉండాది."

"ఊఁ!" అన్నారు అందరూ. ఎన్నాళ్లో దిగమింగుకున్న ఊపిరి ఒక్కసారి వదిలినట్టు. అందరికన్నా పెద్దగా అక్కమ్మ.

నల్లమ్మ అక్కడే కూలబడింది. లోపలికి పోయి కోడలి జుట్టు పట్టుకుని ఈడ్చాలనిపించింది. వినకూడదనుకుంటూనే విన్నది. బాగా చెబుతోంది మారి. ఎక్కడ ఆపాలో తెలుసు. ఎక్కడ గొంతు తగ్గించాలో తెలుసు. పద్నాలుగేళ్లు చెవులప్పగించి విన్న పిల్ల కదా. ఇంతలో ఉయ్యాల మూలిగింది. మారెమ్మ కథ ఆపలేదు. బిడ్డను ఎత్తుకుని ఒళ్లో వేసుకున్నట్టుంది, గాజుల చప్పుడైంది. మూలుగు ఆగింది. మాటకూ మాటకూ నడుమ, ఊఁ కూ ఊఁ కూ నడుమ, బిడ్డ గుటక వేసిన చప్పుడు గోడ ఇవతలికి వినపడింది. ఒకటి. ఆగి, ఇంకొకటి.

నిన్న కోడలు కడుపు నిండా తిన్న సంగటి అది. అరసేరు జొన్నల సంగటి.

మునిమాపు వేళ మారెమ్మ వచ్చి సంగటి కెలికి, ముద్ద చేసి, అత్త ముందు పెట్టింది. తను పక్కన కూచుని బిడ్డను ఒళ్లో వేసుకుంది. 

"నువ్వొచ్చినావని తెల్సు అత్తా," అంది. "గోడ సందులో నీ చీర కనపడింది. చెన్నమ్మ అడిగితే ఒప్పుకున్నాను. అది చిక్కమే. నువ్వు అరిసిన దినమే నాకు అర్థమైంది. అయినా ఒప్పుకున్నాను. నన్ను తిట్టు."

"ఆళ్లలో ఎవరన్నా తింటాండారా?"

"లేదు. ఎవురూ తినల్యా. నేనూ తిననియ్యను. తింటే నాకు అరసేరు యాడిది?"

ఆ మాట ఎంత నిజమో అంత నీచం. చెప్పిన పిల్లకూ తెలుసు, కళ్లెత్తలేదు. నల్లమ్మ బిడ్డ వైపు చూసింది. వాడు పాలు తాగి పెదాలు తడిగా పడుకుని ఉన్నాడు. అవతల ఇంకో పదిహేడు ఇళ్లున్నాయి. ఆ ఇళ్లలోనూ పిల్లలున్నారు, వాళ్లూ మూలుగుతూనే ఉంటారు. ఆ సంగతి ఆమెకు తెలియకపోలేదు. తెలిసే సంగటి వైపు చెయ్యి చాపింది. మూడు రోజుల ఆకలి. ముద్ద నోట్లో పెట్టుకుంటే కళ్లలోంచి నీళ్లు కారాయి. నమలడం మాత్రం ఆపలేదు.

"అత్తా," అంది మారెమ్మ కాసేపటికి, భయం భయంగా. "గంగులమ్మను కొండమీద వదిలిపెట్టేసి వచ్చినాను. రేపు యాడికి తీసకపోవల్లనో నాకు తెలీలేదు. ఏమీ తోచల్యా. తోచకుంటే వాళ్లు ఊఁ కొట్టరు."

నల్లమ్మ పళ్లెంలో మిగిలిన ముద్ద కూడా తిని, నీళ్లు తాగి, చెయ్యి కడుక్కుంది. గోడకు జారగిలబడి కళ్లు మూసుకుంది.

"కొండమీద గంగులమ్మకు ఒక ముసిలామె ఎదురొచ్చింది," అని మొదలుపెట్టింది.

"ఊఁ," అంది మారెమ్మ.